గాయపడ్డ పనివాణ్ణి మళ్ళీ పనిలోకి తెచ్చుకుందాం

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల పాల సంఘాల సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా పాల ధర గురించి, దాణా గురించి, పశువుల టీకాల గురించి మాట్లాడుకుంటాం. బర్రె కుంటితే ఏం చేయాలో మనలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఈ రోజు నాకు అప్పగించిన విషయం వేరు. మన పాలు కొలిచే మనిషి, పరీక్ష చేసే మనిషి, క్యాన్లు ఎత్తే మనిషి, వ్యాను నడిపే మనిషి గాయపడితే సంఘం ఏం చేయాలి? వైద్యం చేయించాలని, చేతనైనంత సాయం చేయాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ తరువాత సంగతి ఏమిటి? అతడు మళ్ళీ పనిలోకి ఎప్పుడు వస్తాడు? ఏ పనికి వస్తాడు? ఎంతసేపు చేస్తాడు? ఈ మూడు ప్రశ్నలకు సంఘం దగ్గర ముందుగానే జవాబు ఉండాలని మీకు మనవి చేయడానికే వచ్చాను.

మన పనిలో ఉన్న ప్రమాదాలు

పాల పని సుకుమారమైన పని అని బయటివారు అనుకుంటారు. 40 లీటర్ల క్యాను నిండితే అందులోని పాలే 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు కూడా కలిపితే 50 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. తడి బండల మీద నిలబడి, దాన్ని నేల మీదినుంచి వ్యాను ఎత్తుకు రోజూ రెండు పూటలా లేపేవాడి నడుము ఎన్నాళ్ళు నిలుస్తుంది?

వెన్న శాతం తీసే గెర్బర్ పరీక్షలో ఒక్కొక్క నమూనాకు 10 మిల్లీలీటర్ల గాఢమైన గంధకికామ్లం, అంటే మనం యాసిడ్ అనేది, వాడతారు. ఇప్పుడు చాలా కేంద్రాల్లోకి పాలను పరీక్షించే యంత్రాలు వచ్చాయి. అయినా యంత్రం సరిగా చూపుతున్నదా లేదా అని తేల్చుకోవడానికి గెర్బర్ పరీక్షే ఆధారం. యాసిడ్ చేతి మీద పడినా, కంట్లో చిట్లినా వెంటనే పారే నీళ్ళతో కనీసం 20 నిమిషాలు కడిగి దవాఖానకు తీసుకుపోవాలి. శీతలీకరణ కేంద్రాల్లో అమ్మోనియా గొట్టాలు, కాస్టిక్ సోడా, మరిగే నీళ్ళు ఉంటాయి.

ఇక దారి సంగతి. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోయే రోడ్డయినా, గాంధారి వైపు రోడ్డయినా, చలికాలపు పొగమంచులో పాల వ్యాను నడిపేవారికి, మోటారు సైకిల్ మీద ఊరూరూ తిరిగే గోపాలమిత్రలకు ప్రమాదం పక్కనే ఉంటుంది. 2025 ఆగస్టు చివరలో మన జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రోడ్లు కోసుకుపోయిన సంగతి మీరందరూ చూశారు. వాన వచ్చినా, వరద వచ్చినా బర్రె రెండు పూటలా పాలిస్తూనే ఉంటుంది. ఆ పాలు చేరవేసే మనిషి ఏదో ఒక రోజు గాయపడతాడు. ఇది జరగదని ఏ సంఘమూ అనుకోరాదు.

"జర మంచిగైనంక రా"

గాయపడ్డవాణ్ణి చూడటానికి పాలకవర్గం వారు పోతారు. పండ్లు ఇస్తారు. "తమ్మీ, ఫికర్ చేయకు. జర మంచిగైనంక రా" అని చెప్పి వస్తారు. మంచి మనసుతో అన్న మాటే. కాని ఆ మాటలో తేదీ లేదు. ఏ పనికి రావాలో లేదు. వచ్చేదాకా ఇల్లు ఎలా గడవాలో లేదు.

మొదటి వారం అందరూ పలకరిస్తారు. రెండో వారం కేంద్రంలో పని ఆగకుండా ఇంకొక అబ్బాయిని పెట్టుకుంటారు. నెల దాటేసరికి ఆ అబ్బాయికి పని అలవాటవుతుంది. మూడో నెలలో గాయపడ్డవాడు కట్టె ఊతంగా కేంద్రం దాకా వచ్చి, తన కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉండటం చూసి, ఏమీ అడగలేక తిరిగిపోతాడు. అడగటానికి అతనికి మొహమాటం, చెప్పటానికి పాలకవర్గానికి మొహమాటం. ఎవరూ తీసివేయలేదు, తీర్మానమూ లేదు, కాని ఉద్యోగం పోయింది.

ఈలోగా ఆ ఇంట్లో ఏమవుతుంది? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మన ఇళ్ళల్లో అన్నిటికంటే ముందు కరిగేది కొట్టంలోని బర్రె. చేబదులు పుట్టని రోజున దాన్ని అంగడికి తోలుతారు. సంఘం ఒక పనివాణ్ణి పోగొట్టుకోవడంతోపాటు ఆ ఇంటి పాలనూ పోగొట్టుకుంటుంది. నష్టం ఒక్క కుటుంబానిదే అనుకునేవారు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

పడక ఎంతవరకు మంచిది?

ఎముక విరిగినా, ఆపరేషన్ అయినా, ఒళ్ళు కాలినా విశ్రాంతి అవసరం. డాక్టరు చెప్పిన గడువును తగ్గించమని ఎవరూ అనరాదు. కాని పూర్తిగా బాగయ్యేదాకా పడుకునే ఉండాలనే నమ్మకం అన్ని గాయాలకూ వర్తించదు.

1995లో ఫిన్లాండ్ దేశపు హెల్సింకి నగరంలో, కొత్తగా నడుము నొప్పి వచ్చిన ఉద్యోగులను మూడు జట్లుగా చేసి చూసిన పరిశోధన ప్రకటించారు. ఒక జట్టుకు రెండు రోజుల పడక విశ్రాంతి చెప్పారు. ఇంకొక జట్టుకు నడుముకు సంబంధించిన వ్యాయామాలు చెప్పారు. మూడో జట్టును ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్నారు. ముగ్గురిలో త్వరగా కోలుకున్నది మూడో జట్టువారే.

కెనడా దేశంలోని క్విబెక్ రాష్ట్రంలో జరిగిన మరొక పరిశోధన ఫలితాలు 1997లో వచ్చాయి. నడుము నొప్పితో నాలుగు వారాలకు మించి పనికి దూరమైన కార్మికులను తీసుకున్నారు. కొందరికి మామూలు వైద్యం జరిగింది. కొందరికి వైద్యంతోపాటు, నిపుణులు వారు పనిచేసే చోటుకే వెళ్ళి, యజమాన్యంతోనూ కార్మికునితోనూ కూర్చుని పని తీరులో మార్పులు సూచించారు. ఈ రెండో రకం వారు మొదటి వారికంటే సుమారు 2.4 రెట్లు వేగంగా తమ పాత పనికి తిరిగి వెళ్ళగలిగారు. జర్మనీలో అయితే రోజుకు రెండు గంటలు, నాలుగు గంటలు, ఆరు గంటలు అని మెట్టుమెట్టుగా పని పెంచే పట్టికను డాక్టరే రాసి ఇచ్చే పద్ధతి ఉంది. సంవత్సరంలో ఆరు వారాలకు మించి జబ్బుతో దూరమైన ఉద్యోగిని కూర్చోబెట్టుకుని మాట్లాడవలసిన బాధ్యతను 2004 నుంచి అక్కడి చట్టం యజమాని మీద పెట్టింది.

వీటినిబట్టి మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, తగిన పని కూడా వైద్యంలో ఒక భాగమే. పొద్దున్నే లేచి కేంద్రానికి పోయే మనిషికి నలుగురితో మాట ఉంటుంది, ధైర్యం ఉంటుంది. గోడకేసి చూస్తూ పడుకున్నవాడికి నొప్పితోపాటు దిగులు కూడా పెరుగుతుంది.

చట్టం లెక్క

పనివారి నష్టపరిహారపు చట్టం మన దేశంలో 1923లోనే వచ్చింది. 2010లో దానికి ఉద్యోగుల నష్టపరిహారపు చట్టమని పేరు మారింది. ఆ ఏర్పాట్లను 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో చేర్చారు. అందులో ఏ అవయవం పోతే సంపాదనా శక్తి ఎంత పోయినట్లో ఒక పట్టిక ఉంది. బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం అని లెక్క కట్టారు.

ఈ పట్టికను మనం ఎప్పుడూ ఒక వైపునుంచే చదువుతాం. రెండో వైపునుంచి చదవండి. బొటనవేలు పోయినవాడికి ఇంకా 70 శాతం శక్తి మిగిలి ఉన్నదని చట్టమే చెబుతున్నది. పోయిన 30కి పరిహారం ఇస్తారు. మిగిలిన 70కి పని ఇవ్వవలసినది మనం. అతణ్ణి ఇంట్లోనే కూర్చోబెడితే, యంత్రం 30 శాతం తీసుకుంటే మిగతా 70 శాతం మనం తీసుకున్నట్లు అవుతుంది.

గాయం మానేదాకా వచ్చే భత్యం సంగతి కూడా తెలుసుకోండి. ఇ.ఎస్.ఐ. వర్తించే డెయిరీలలో, పెద్ద కేంద్రాలలో పనిలో గాయపడినవారికి సగటు దినవేతనంలో 90 శాతం వస్తుంది. ఇ.ఎస్.ఐ. లేనిచోట, నష్టపరిహారపు చట్టం లెక్కన పదిహేను రోజులకు ఒకసారి నెల వేతనంలో 25 శాతం, అంటే నెలకు సగం జీతం యజమాని ఇవ్వాలి. గ్రామ సంఘంలో ఇద్దరు ముగ్గురే పనిచేస్తారు. కనుక వారికి 90 శాతం మాట లేదు. మన దగ్గర గాయపడ్డవాడు పనికి ఎంత ఆలస్యంగా వస్తే అతని ఇల్లు అంత లోతుకు పోతుంది.

ఆర్టీసీ నుంచి నేర్చుకోదగిన పాఠం

మన కామారెడ్డి డిపో బస్సులు ఎక్కని వారు ఈ సభలో ఉండరు. రంగులు గుర్తుపట్టలేని లోపం వల్ల స్టీరింగు ముందు కూర్చోవడానికి పనికిరాని డ్రైవర్లకు సంస్థలోనే వేరే ఉద్యోగం ఇవ్వాలని 1979లోనే ఆర్టీసీ యజమాన్యానికీ కార్మిక సంఘానికీ ఒప్పందం కుదిరింది. ఇది గాయం కాకపోయినా ప్రశ్న ఒకటే. ఒక పని చేయలేని మనిషి ఏ పనీ చేయలేడా?

2014లో తెలంగాణ ఆర్టీసీలో చేరిన ఒక డ్రైవరును 2016లో ఈ కారణం మీదనే ఉద్యోగం నుంచి పంపివేశారు. వేరే పని ఇమ్మని అతడు కోర్టులకెక్కాడు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత ఒప్పందం చెల్లుతుందనీ, అతనికి తగిన పని ఉన్నదా అని సంస్థ నిజంగా వెతకలేదనీ అన్నది. ఎనిమిది వారాల్లో అదే జీతపు స్థాయిలో తగిన ఉద్యోగం ఇవ్వాలనీ, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలనీ ఆదేశించింది. కూర్చుని ఆలోచిస్తే ఒక వారంలో తేలవలసిన విషయానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ప్రభుత్వ సంస్థల్లో పనిచేస్తూ వికలాంగులైన వారిని తీసివేయరాదనీ, చేస్తున్న పనికి సరిపోకపోతే అదే జీతం మీద వేరే పనికి మార్చాలనీ 1995 చట్టం చెప్పింది. 2016 చట్టమూ అదే చెప్పింది. గ్రామ సంఘానికి మాత్రం మహాజన సభ తీర్మానమే చట్టం. ఆ తీర్మానం చేసుకునే అధికారం మీ చేతిలోనే ఉంది.

మనం ఏ పని ఇవ్వగలం?

"మా సంఘంలో ఉన్నవే రెండు పనులు, తేలిక పని ఎక్కడినుంచి తెస్తాం?" అని కొందరు అడుగుతారు. కేంద్రం తెరిచినప్పటినుంచి మూసేదాకా జరిగే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఏది ఎత్తే పని, ఏది నిలబడే పని, ఏది కూర్చునే పని అని గుర్తు పెట్టండి. అప్పుడు దారి కనపడుతుంది.

నడుము దెబ్బతిన్న క్యాన్ల మనిషి క్యాను ముట్టకుండా నమూనాలు తీయగలడు. దాణా బస్తాల లెక్క చూడగలడు, రిజిస్టరు రాయగలడు.

కాలు విరిగిన టెస్టరుకు ఎత్తయిన బల్ల, వెనుక ఆసరా ఉన్న కుర్చీ వేస్తే కూర్చునే పరీక్ష చేయగలడు. పాలు అతని దగ్గరకు తెచ్చి పెట్టడానికి ఒక మనిషి సాయం చాలు.

చేయి కాలిన టెస్టరు కట్టు ఉన్నంతకాలం యాసిడ్ జోలికి పోరాదు. మానని పుండు ఉన్న చేతితో పాలు ముట్టుకోవడం వినియోగదారులకూ మంచిది కాదు. సభ్యుల పాస్‌బుక్కులు సరిచూడటం, చెల్లింపుల పట్టిక తయారుచేయటం అతనికి తగిన పనులు.

బండి నడపలేని డ్రైవరు క్యాన్ల లెక్క, దారి వేళలు, శీతలీకరణ కేంద్రంలో దిగుమతి రిజిస్టరు చూడగలడు. మోటారు సైకిల్ ఎక్కలేని గోపాలమిత్ర ఫోను మీద ఎద పశువుల సమాచారం తీసుకుని పక్క ఊరి గోపాలమిత్రకు అందించగలడు. కృత్రిమ గర్భధారణ, దూడల నమోదు పుస్తకాలు సరిచేయగలడు.

పని మార్చటంతోపాటు చోటు కూడా మార్చాలి. వ్యాను ఎత్తుకు సమానంగా ఒక గద్దె కట్టిస్తే క్యాను ఎత్తవలసిన పని ఉండదు, జరిపితే చాలు. వీలైనచోట 40 లీటర్ల క్యానుకు బదులు 20 లీటర్లది వాడవచ్చు. బండలు జారకుండా గరుకు చేయించవచ్చు. ఒక్కనికోసం కట్టించిన గద్దె రేపు మిగతావారి నడుములను కూడా కాపాడుతుంది.

ఖర్చు సంగతి

మన సంఘం సొమ్ము మనందరిది. కాబట్టి ఖర్చు అడగటం న్యాయమే. అయితే అనుభవం ఉన్న మనిషిని పోగొట్టుకుంటే అయ్యే ఖర్చు కూడా చూడాలి. రోజుకు 300 లీటర్లు పట్టే సంఘం అనుకుందాం. కొత్త చేయి వెన్న శాతం సగటున 0.2 తక్కువగా తీస్తే రోజుకు 600 గ్రాములకు పైగా, నెలకు 18 కిలోలకు పైగా వెన్న సభ్యుల లెక్కలోనుంచి పోతుంది. ఎక్కువగా తీస్తే అంత వెన్నకూ సంఘం లేని డబ్బు చెల్లిస్తుంది. అటైనా ఇటైనా తగాదా తప్పదు. నమ్మకమైన టెస్టరు చేయి అంత విలువైనది.

తిరిగి వచ్చినవాడు చేసిన గంటలకు సంఘం జీతం ఇస్తుంది. చట్టప్రకారం రావలసిన పరిహారం వేరే ఉంటుంది. దానిలో కోత పెట్టరాదు. లాభంలో కొంత భాగాన్ని సిబ్బంది సంక్షేమ నిధిగా మహాజన సభ ఆమోదంతో పక్కన పెట్టుకోవచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 2022 జూన్ నుంచి ఏడాదికి 20 రూపాయల ప్రీమియం పెట్టారు. 18 నుంచి 70 ఏళ్ళ లోపువారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్ళు లేక రెండు కాళ్ళు చేతులు పూర్తిగా పోయినా 2 లక్షలు, ఒక కన్ను లేక ఒక చేయి, ఒక కాలు పోతే 1 లక్ష వస్తుంది. సిబ్బంది అందరి ప్రీమియం కట్టినా ఒక పూట చాయ ఖర్చును మించదు. అయితే మామూలుగా విరిగి అతుక్కునే ఎముకకు ఈ బీమా రాదు. కనుక సంఘం ఏర్పాటు సంఘానికి ఉండవలసిందే.

కొన్ని జాగ్రత్తలు

మొదటిది, తాత్కాలికంగా పెట్టుకున్న అబ్బాయికి మొదటి రోజునే ఆ మాట రాసి ఇవ్వాలి. ఎప్పటిదాకా అన్నది చెప్పాలి. అతనికి ఆశ పెట్టి తీసివేయటం కూడా అన్యాయమే.

రెండవది, తొందరపెట్టరాదు. డాక్టరు ఏమి చేయవచ్చునన్నారో, ఏమి చేయరాదన్నారో కాగితం మీద రాయించుకోవాలి. నొప్పి పెరిగితే గంటలు తగ్గించాలి. పని ఎగ్గొట్టటానికి సాకు అని గుసగుసలాడేవారికి పాలకవర్గం అడ్డు చెప్పాలి.

మూడవది, పేరుకు ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టటం వల్ల ప్రయోజనం లేదు. సంఘానికి నిజంగా పనికివచ్చే పని ఇవ్వాలి. తన పనికి విలువ ఉన్నదని తెలిసినప్పుడే మనిషి నిలదొక్కుకుంటాడు.

నాలుగవది, పాలు పితికే మన తల్లులను మరువరాదు. బర్రె తన్ని చేయి విరిగిన సభ్యురాలు సంఘం ఉద్యోగి కాదు, జీతం మాట రాదు. కాని ఆమె పశువును పక్కింటివారు పితికి ఆమె పాస్‌బుక్కు మీదనే పాలు పోసే ఏర్పాటు చేయవచ్చు. ఇన్ని రోజులు పాలు పోయాలనే షరతు ఉన్న సంఘాలు ఆ గాయం రోజులను మినహాయించాలి.

మహాజన సభలో పెట్టవలసిన తీర్మానం

ఉపన్యాసం విని ఇంటికి పోతే ప్రయోజనం లేదు. రాబోయే మహాజన సభలో ఈ ఐదు అంశాల మీద తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.

1. పనిలో గాయపడిన సిబ్బంది స్థానం నిర్ణీత కాలం వరకు ఖాళీగానే లెక్కించబడుతుంది. ఆ కాలం ఎంత అన్నది సభ నిర్ణయించాలి. ఆరు నెలలకు తక్కువ ఉండరాదని నా సలహా.

2. గాయపడిన మూడు రోజుల్లో పాలకవర్గ సభ్యుడొకరు ఇంటికి వెళ్ళి మాట్లాడాలి. తరువాత వారం వారం వెళ్ళాలి.

3. డాక్టరు సలహా ప్రకారం ఏ పని, రోజుకు ఎన్ని గంటలు, ఏ తేదీనుంచి అన్నది ఇద్దరి సంతకాలతో రాసుకోవాలి. పదిహేను రోజులకొకసారి దాన్ని సరిచూసుకోవాలి.

4. పాత పనికి ఇక సరిపోడని డాక్టరు తేల్చితే, సంఘంలో తగిన వేరే పని వెతకాలి. వెతికినట్లు మినిట్సు పుస్తకంలో రాయాలి. మన దగ్గర లేకపోతే పక్క సంఘాలను, శీతలీకరణ కేంద్రాన్ని అడగాలి.

5. ప్రతి ప్రమాదం తరువాత కారణం ఏమిటో చూసి, అది మళ్ళీ జరగకుండా చేసిన మార్పును సభకు చెప్పాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. ఎవరూ గాయపడని రోజున చేసుకున్న తీర్మానంలో మొహమాటం ఉండదు, మనిషిని బట్టి మాట మారదు. ఒక్కొక్కరి ఇంటి రెండు లీటర్లు, మూడు లీటర్లు కలిపితేనే క్యాను నిండుతుందని మనకు తెలుసు. ఆ క్యాను మోసిన మనిషి పడిపోయిన రోజున కూడా అలాగే తలా ఒక చేయి వేద్దాం. ఈసారి దవాఖానకు పోయినప్పుడు "మంచిగైనంక రా" అని మాత్రమే చెప్పి రాకండి. "తమ్మీ, నీ జాగ నీదే. డాక్టరు సరే అన్ననాటినుంచి పొద్దున పూట రెండు గంటలు వచ్చి రిజిస్టరు చూడు" అని చెప్పి రండి.